ముక్కున్న కారు, ముగ్గురు వైద్యులు

ఉదయగిరి,
8 నవంబరు 1998, ఆదివారం.

ఆత్మకూరు మోటారు వైద్య శిఖామణి, నాలుగు గొట్టాలను ఒక్కటి చేసిన ఐకమత్య ప్రచారకుడు, నాతో ఒకే బెంచీ మీద దెబ్బలు తిన్న మాల్యాద్రి గారి సముఖమునకు,

ఇక్కడ నేను క్షేమం. మా అవ్వ హన్నమ్మ క్షేమం. కారు క్షేమం కాదు. కనుక ఈ ఉత్తరం.

ఫోన్లో చెప్పవచ్చు కదా అంటావు. మా ఊరి ఎస్టీడీ బూత్‌లో నేను ‘సైలెన్సరు’ అంటే చాలు, వెనక నిలబడ్డ ఆరుగురూ తలా ఒక సలహా ఇస్తున్నారు. నీ షెడ్డులోనేమో గ్రైండరు ఆగదు. అందుకని ఆత్మకూరు బస్సు డ్రైవరు రమణయ్య చేతికి దీన్ని అప్పగిస్తున్నాను. ఆయన చదవడు. చదివినా అభిప్రాయం మాత్రమే చెబుతాడు.

ముందుగా రోగి చరిత్ర. దసరా సెలవుల్లో మన ఇద్దరి తెలివితేటలూ ఒకచోట చేరిన నాలుగు రోజులు గుర్తున్నాయి కదా. మద్రాసులో సెకండ్‌హ్యాండుగా కొన్న ఈ విదేశీ కారు బుద్ధిగా నడుస్తుంటే మనకు మనసొప్పలేదు. కంపెనీ వాళ్ళ సైలెన్సరు గొట్టం పీకేసి, ఇంజను నుంచి వచ్చే నాలుగు గొట్టాలూ ఒక్కచోట కలిసేలా నువ్వు కొత్తది కట్టావు. పొగ తొందరగా బయటపడితే ఇంజనుకు బలం వస్తుందని పక్కన కూర్చుని నేను ఫిజిక్సు చెప్పాను. బలం వచ్చింది, కాదనను. సీతారామపురం దారిలో ఎత్తు మొత్తం మూడో గేరులో ఎక్కింది. జూనియర్ కాలేజీలో నా విద్యార్థులు నన్ను మొట్టమొదటిసారి గౌరవంగా చూశారు.

ఆ గౌరవం ఇవాళ చర్చి ముందర పోయింది.

మా ఇంటి ఆచారం నీకు తెలుసు. కారెక్కి తలుపులు వేసుకున్నాక, ఇంజను ఆడుతుండగా, అవ్వ ప్రయాణ ప్రార్థన చేస్తుంది. దారిలో అడ్డం వచ్చే గొర్రెల మందలు, తాగిన లారీ డ్రైవర్లు, కొండ మలుపులు, చివరగా నా డ్రైవింగు, ఇవన్నీ విడివిడిగా దేవుడికి అప్పజెప్పేసరికి మూడు నిమిషాలు పడుతుంది. ఆ మూడు నిమిషాలూ ఇంజను గొర్రెపిల్లలా ఉంటుంది. అవ్వ ‘ఆమెన్’ అంటుంది. వెంటనే మొదలవుతుంది. రొద పెరుగుతుంది, తగ్గుతుంది, ఆగిపోబోతుంది, గుర్తొచ్చినట్టు మళ్ళీ లేస్తుంది. ఇవాళ గేటు దగ్గర మూడుసార్లు ఆగిపోయింది. చర్చి క్వయరు పిల్లలు తోశారు. వాళ్ళు తోస్తూ పాడారు కూడా.

అవ్వ నిర్ణయం ఏమిటంటే, ఇది ప్రార్థనలో నిలబడి లోకంలో పడిపోయే రకం కారు.

నా నిర్ణయం వేరే. దీనికి కార్బరేటరు లేదు. గొట్టంలో ఒక సెన్సరు ఉంది, నువ్వే నట్టు అతికించి బిగించావు. అది కారుకు ముక్కు. పొగలో గాలి ఎంత మిగిలిందో వాసన చూసి కంప్యూటరుకు చెబుతుంది. గాలి మిగిలితే పెట్రోలు చాలలేదని కంప్యూటరు కాస్త పెంచుతుంది. మిగలకపోతే తగ్గిస్తుంది. ఇంజను చల్లగా ఉన్నంతసేపు ముక్కు పనిచేయదు కాబట్టి కంప్యూటరు బట్టీపట్టిన లెక్క ప్రకారం పోస్తుంది. ముక్కు వేడెక్కాక తన తప్పులు తాను దిద్దుకోవడం మొదలుపెడుతుంది. సరిగ్గా ఆమెన్ దగ్గర.

బట్టీపట్టినంతసేపు బాగుండి, సొంతంగా ఆలోచించగానే తడబడేవాళ్ళు నా క్లాసులో నలభైమంది ఉన్నారు. కారు కూడా అదే బాపతని అనుకోలేదు. మందు చెప్పు.

ఇట్లు,
హెన్రీ, బి.యస్సీ.

*

ఆత్మకూరు,
13 నవంబరు 1998.

ఒరే హెన్రీ,

నీ ఉత్తరంలో మొదటి మూడు పంక్తులు ప్రమీల చేత చదివించుకున్నాను. పెళ్ళయి నాలుగేళ్ళయినా నా భార్య నన్ను చూసి అంతగా నవ్వడం ఇదే మొదలు. నీకు పుణ్యముంటుంది.

ఇక పని సంగతి. ప్లగ్గులు నాలుగూ ఊడదీసి చూడు. మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది. తెల్లగా కాలి ఉంటే గాలి ఎక్కువ పోతోంది. ఇటుక రంగులో ఉంటే నువ్వు నాకు అబద్ధాలు రాస్తున్నావు. నల్లగా ఉంటే, దసరాకు మనం తిప్పి బిగించిన పెట్రోలు ప్రెషరు స్క్రూ అరచుట్టు వెనక్కి తిప్పు. అరచుట్టంటే అరచుట్టే. నీకు చేతిలో పాన ఉంటే చాలు, పూనకం వస్తుంది.

ఆ ముక్కు, కంప్యూటరు సంగతులు నాకు రాయకు. మా ఉస్తాదు దగ్గర నేను చెవితో నేర్చుకున్నాను, కంటితో నేర్చుకున్నాను. ఇంజనుకు ముక్కుంటుందని ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

నువ్వు అడగలేదుగానీ ఇంకో మాట. ఆ నాలుగు గొట్టాల అతుకు మీద రోడ్డు రోలరు ఎక్కించినా చెక్కుచెదరదు. తప్పు ఇంకెక్కడైనా వెతుక్కో.

అవ్వకు నమస్కారాలు చెప్పు. నా తరఫున కూడా ఒక మాట ప్రార్థనలో కలపమను, నీ డ్రైవింగు పక్కన కాకుండా.

మాల్యాద్రి.

*

ఉదయగిరి,
24 నవంబరు 1998.

డాక్టరు గారికి,

ఘోరం జరిగింది. క్రమంగా చెబుతాను, మధ్యలో తిట్టకు.

నీ ఉత్తరం రాకముందే నేను ప్లగ్గులు తీసి చూశాను. నీ జుట్టుకన్నా నల్లగా ఉన్నాయి. నాకూ బి.యస్సీ. ఉంది కదా అని ప్రెషరు స్క్రూ అరచుట్టు వెనక్కి తిప్పాను. ఈలోగా రమణయ్యకు కడప బస్సు డ్యూటీ పడింది. నీ ఉత్తరం ఆయన ఖాకీ చొక్కా జేబులో కడప చూసి, అక్కడ చెమటలో తడిసి, వారం తర్వాత నా చేతికొచ్చింది. అందులో అరచుట్టు అని ఉంది. పెద్దవాడివి చెప్పావని ఇంకో అరచుట్టు తిప్పాను.

అటు కంప్యూటరు ఊరుకుందా? నా మొదటి అరచుట్టును కనిపెట్టి, పాపం పెట్రోలు తగ్గిందని అది తన వంతుగా పెంచుకుంటూ కూర్చుంది. నీది కూడా పడేసరికి దానికి అయోమయమై, కారు వీధి దాటలేదు. భయపడి నేను చుట్టు మొత్తం ముందుకు తిప్పేశాను. అప్పుడు పొగ. పక్కింట్లో ఆరేసిన తెల్ల పంచెలు ఇప్పుడు తెల్ల పంచెలు కావు.

మిత్రమా, ఒక రోగి, ముగ్గురు వైద్యులు. నువ్వు, నేను, కంప్యూటరు. ముగ్గురమూ మందు పోస్తున్నాం. ఒకరు పోసింది ఇంకొకరికి తెలిసేసరికి వారం. ఇందులో కాస్త త్వరగా పనిచేసేది కంప్యూటరే, దానికి రమణయ్యతో పని లేదు కాబట్టి.

చివరికి కారును మద్రాసు తోలుకెళ్ళాను. అక్కడ ఒక షోరూము లాంటి వర్కుషాపులో తెల్లకోటు వేసుకున్న కుర్రవాడు కారుకు వైరు తగిలించి, చీటీ ఒకటి తీసి చేతిలో పెట్టాడు. నిలబెట్టి ఉంచినప్పుడు కంప్యూటరు మామూలుకన్నా నూటికి ఇరవై అయిదు వంతుల పెట్రోలు ఎక్కువ పోస్తోందట. యాక్సిలరేటరు తొక్కగానే ఎక్కువైందని గ్రహించి కోసేస్తోందట. కాలు తీస్తే మళ్ళీ ఎక్కువ. ఇలా పెంచడం, కోయడం. కంప్యూటరు పోయింది, మార్చమన్నాడు. నాకు నమ్మకం కలగలేదు. పిచ్చివాడు ఒకేరకంగా పిచ్చిగా ఉంటాడు. ఇదేమో నిలబడితే ఒకటి, నడిస్తే ఒకటి. ఎవరో దానికి తప్పుడు సమాచారం ఇస్తున్నారు.

ఇకపై ఆ స్క్రూ నేను ముట్టుకోను. నువ్వూ ఉత్తరంలోంచి చెయ్యి పెట్టి ముట్టుకోకు.

హెన్రీ.

*

ఆత్మకూరు,
2 డిసెంబరు 1998.

హెన్రీ అన్నయ్యకు, చెల్లెలు ప్రమీలారాణి వ్రాసుకున్నది.

ఈ ఉత్తరం నేను రాసినట్టు మీ స్నేహితుడికి తెలియకూడదు. రమణయ్యకు టీ ఇచ్చి, ఒట్టు పెట్టించుకుని ఇస్తున్నాను.

మీ ఉత్తరం వచ్చిననాడు ఆయన నవ్వాడు. ఆ తర్వాత అన్నం కలిపి, తినకుండా చాలాసేపు కూర్చున్నాడు. ఈ సంవత్సరం షెడ్డుకు కంప్యూటరు కార్లు మూడు వచ్చాయి. మూడిటికీ బానెట్టు కూడా ఎత్తలేదు, నెల్లూరు తీసుకుపొమ్మన్నాడు. మీకు చెప్పి ఉండడు.

సంగంలో మా నాయన గోపాలయ్యకు రైసు మిల్లు ఉంది కదా. కొత్త వడ్లు వచ్చేలోపు షెడ్డు మూసేసి మిల్లు సూపర్వైజరుగా రమ్మంటున్నాడు. మంచి పనే. నీడపట్టున కుర్చీ, ఫ్యాను. మా నాయన మాట మంచిదే గానీ చెప్పే తీరు మంచిది కాదు. పోయిన ఆదివారం అందరి ముందూ, “ఇంక పాన పక్కన బెట్టు అల్లుడా, కొత్త బండ్లు నీ చేతికి రావు” అన్నాడు.

వస్తానో రానో ఫిబ్రవరి ఒకటో తేదీన చెబుతానని ఈయన అన్నాడు. ఆ ఆదివారం రాత్రి పడుకోబోయే ముందు నాతో అన్నాడు: “హెన్రీగాడి కారు నేను బాగు చేస్తే షెడ్డు ఉంటది. లేకపోతే మిల్లే. ఇంజను సంగతి ఎట్టున్నా, నా అతుకు వంక పెట్టినోడు ఈ తాలూకాలో లేడు. అదొక్కటే మిగిలుండాది నాకు.”

అన్నయ్యా, మిల్లుకు పోతే నాకు సుఖమే. కానీ ఆయన కుర్చీలో కూర్చుంటే ఎలా ఉంటాడో నాకు తెలుసు. మా పెళ్ళిలో చూశాను కదా. మీరు నవ్వించడమే కాకుండా ఏదన్నా చేయండి.

ప్రమీలారాణి.

*

ఉదయగిరి,
11 డిసెంబరు 1998.

గౌరవనీయులైన మాల్యాద్రి గారికి,

కారు ఎప్పటిలాగే ఉంది. తొందరేమీ లేదు. ఇంజన్ల విషయంలో ఆత్మకూరు నుంచి అనంతసాగరం దాకా నీ అంత చెవి ఉన్నవాడు లేడని నిన్న స్టాఫ్ రూములో కూడా చెప్పాను. లెక్కల మాస్టారు ఒప్పుకున్నాడు.

సెన్సరు వైరుకు కాలేజీ ల్యాబులోని మల్టీమీటరు తగిలించి చూశాను. ముక్కు మాట్లాడే భాష వోల్టుల్లో ఉంటుంది. గాలి మిగిలితే సున్నా పాయింట్ ఒకటి, పెట్రోలు మిగిలితే సున్నా పాయింట్ తొమ్మిది. బాగున్న కారులో ఈ రెంటి మధ్య చకచకా ఎగురుతూ ఉండాలి. మనది సున్నా పాయింట్ ఒకటి దగ్గర ఆరేడు సెకన్లు పడుకుంటోంది. అంటే గాలి, గాలి, గాలి అని అరుస్తోంది. ప్లగ్గులేమో పెట్రోలు, పెట్రోలు అంటున్నాయి. ఇద్దరు సాక్షులు, రెండు కథలు.

కారు కింద పడుకుని అంతా చూశాను. ఏమీ కనబడలేదు.

ఇక్కడి విశేషాలంటావా. మొన్న సాయంత్రం మా ఇంట్లో పెద్ద గొడవ. నేను కారు కింద పడుకుని ఉండగా అవ్వ వాసన పట్టింది. “ఏందిరా ఈ వాసన? మనింట్లో ఊదుబత్తీలు ఎవురు ముట్టించినారు?” అని కర్ర తాటించుకుంటూ వచ్చింది. నా చేతిలో వెలుగుతున్న ఊదుబత్తి. దోమలకు అవ్వా అన్నాను. “దోమలు నీ కారు కింద కాపరం ఉండాయా?” అంది. మూడు తరాలుగా బాప్టిస్టు ఇంట్లో వెలగనిది కారుకు వెలిగించానని పాస్టరు గారికి కబురు పెట్టింది. ఆయన వచ్చి, కారు కింద వంగి చూసి, టీ తాగి వెళ్ళిపోయాడు. అవ్వ ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. ప్రార్థనలో మాత్రం నా పేరు లారీ డ్రైవర్లకన్నా ముందుకు జరిగింది.

నిదానంగా ఆలోచించి రాయి. నీ ఆరోగ్యం జాగ్రత్త.

విధేయుడు,
హెన్రీ.

*

ఆత్మకూరు,
19 డిసెంబరు 1998.

ఒరే,

ఎవరు చచ్చిపోయారు? గౌరవనీయులా? విధేయుడా? నీ ఆరోగ్యం జాగ్రత్తా? ఇరవై ఏళ్ళలో నువ్వు నన్ను ఒక్క తిట్టు లేకుండా పలకరించడం ఇదే. చదివి ప్రమీలకు చూపించాను. ఆమె నవ్వలేదు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లోపలికి పోయింది. పొయ్యి మీద పాలు లేవు.

నీకు తెలిసిపోయినట్టుంది కనుక నేనే రాస్తాను. మా మామ మిల్లుకు రమ్మన్నాడు. పోదామనే అనుకుంటున్నాను. జాలిపడి రాయకు. ఆలోచించే అనుకున్నాను.

మా ఉస్తాదు రంగు చూసి, చప్పుడు విని, చేతికి పట్టిన జిడ్డు వాసన చూసి ఇంజను జబ్బు చెప్పేవాడు. నాకూ అదే వచ్చు. ఇప్పటి కారు జబ్బు చెప్పాలంటే తెల్లకోటు, వైరు, చీటీ కావాలి. మొన్న ఒకాయన కారు తెచ్చి, నీ దగ్గర కంప్యూటరు ఉండాదా అన్నాడు. లేదన్నాను. అయితే దేంతో చూస్తావు అన్నాడు. హేళనగా కూడా అనలేదురా, తెలియక అడిగాడు.

ఆ రాత్రి షెడ్డు రేకు దింపుతుంటే చేతికి బరువనిపించింది. పదేళ్ళుగా దింపుతున్న రేకే.

నీ కారు మాత్రం చూసే పోతాను. మాటిచ్చాను. జనవరిలో తెచ్చి పడెయ్యి.

ఇంకొకసారి గౌరవనీయులు అన్నావంటే ఉత్తరం విప్పకుండా రమణయ్యకే తిరిగి ఇస్తాను.

మాల్యాద్రి.

*

ఉదయగిరి,
7 జనవరి 1999.

ఒరే వెధవా,

ఇప్పుడు బాగుందా?

సరే, ఇక దాచలేను. తప్పు నాది. నవంబరు మొదట్లో నెల్లూరు వెళ్ళే తీరిక లేక, ఇక్కడి బంకులో మామూలు పెట్రోలు పోయించాను. ఈ కారుకు సీసం లేని పెట్రోలే పోయాలని, లేకపోతే ముక్కు చెడిపోతుందని మద్రాసులో అమ్మినవాడు నాకు ఒకటికి పదిసార్లు చెప్పాడు. ఫిజిక్సు లెక్చరరును కదా, నాకు చెప్పేదేమిటనుకున్నాను. సీసం పట్టి సెన్సరు మొద్దుబారింది. అది అబద్ధాలు చెబుతోంది, కంప్యూటరు నమ్ముతోంది. అంతే కథ. ఇందులో నీ పనితనానికి ఏ సంబంధమూ లేదు.

మద్రాసు నుంచి కొత్త సెన్సరు తెప్పించాను. శనివారం కారు నీ షెడ్డులో పెట్టి, పరీక్షల డ్యూటీకి నెల్లూరు వెళ్ళిపోతాను, పది రోజులు ఉండను. నువ్వు చేయాల్సిందల్లా పాతది విప్పి కొత్తది బిగించడం. మిగతా గొట్టం జోలికి పోవద్దు, ఊరికే శ్రమ. బిగించేశాక మీ మామకు చెప్పు, కంప్యూటరు కారు బాగుచేశానని. అబద్ధం కాదు కదా.

మల్టీమీటరు సీటు కింద ఉంది. అది కాలేజీది. దాంతో కరెంటు లాగి షెడ్డు తగలబెట్టకు.

హెన్రీ.

*

ఆత్మకూరు,
20 జనవరి 1999.

హెన్రీకి,

సెన్సరు విప్పాను. కొత్తది బిగించలేదు. డబ్బాలోనే ఉంది, అలాగే తీసుకుపో.

నీకు అబద్ధమాడటం రాదురా. సీసం పెట్రోలు తాగిన ఇంజను నేను పదేళ్ళుగా చూస్తున్నాను. ఈ తాలూకాలో అన్నీ అదే కదా తాగుతున్నాయి. ప్లగ్గు మీద, సైలెన్సరు లోపల, సీసం బూడిద రంగులో పేరుకుంటుంది. మెరుస్తుంది కూడా. నీ సెన్సరు మూతి అడుగంటిన పెనంలా నల్లగా ఉంది. ఎక్కడా బూడిద లేదు. అది పెట్రోలు ఎక్కువై పట్టిన మసి. అంటే ముక్కు చెడలేదు. దాని ముందుకు వచ్చింది అది నిజాయితీగానే చెప్పింది. కంప్యూటరు కూడా చెడలేదు. ఇది కనిపెట్టడానికి నాకు వైరు అక్కరలేకపోయింది. కన్ను చాలింది.

అది చూసి నేను నీ డిసెంబరు ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. ఊదుబత్తి. కారు కింద. ఒరే, గొట్టంలో గాలి ఎక్కడ కారుతోందో చూడటానికి ఊదుబత్తి పొగ పెట్టడం నీకు ఎవరు నేర్పారు? నా షెడ్డులో ట్రాక్టరు కింద పడుకుని నేనే కదా నేర్పాను. నువ్వు దాన్ని పట్టుకుని ఎక్కడ పెట్టావో, పొగ ఎక్కడ లోపలికి పీల్చుకుందో నాకు అక్షరం రాయలేదు. కానీ అవ్వ కర్ర తాటించుకుంటూ వచ్చిన కథ మాత్రం దాచుకోలేకపోయావు. నవ్వొచ్చే సంగతి దొరికితే నీ కడుపులో నిలవదు.

నేనూ ఊదుబత్తి వెలిగించాను. మా ఇంట్లో ఎవరూ కోప్పడలేదు. ఇంజను నిలకడగా ఆడుతుండగా నాలుగు గొట్టాలూ కలిసేచోట పెట్టాను. పొగ ఒకసారి బయటికి, ఒకసారి లోపలికి. కిందివైపు, వెల్డింగు రాడ్డు సరిగ్గా అందని మూలలో, నా అతుకు మీద సన్నటి చీలిక. గోరంత కూడా లేదు.

అక్కడినుంచి అంతా తేటపడింది. కారు నిలబడి ఉంటే ఆ చీలికలోంచి బయటి గాలి లోపలికి దూరుతోంది. దాని వెనకే ముక్కు. అది గాలి ఎక్కువైందంది. కంప్యూటరు పాపం పెట్రోలు పెంచింది. యాక్సిలరేటరు తొక్కితే పొగ జోరుకు గాలి దూరదు, పెంచిన పెట్రోలు మిగిలిపోతుంది, కోస్తుంది. కాలు తీస్తే మళ్ళీ మొదటికి. చల్లగా ఉన్నప్పుడు ముక్కు మాట ఎవరూ వినరు కాబట్టి బాగుంటుంది. నువ్వు మొదటి ఉత్తరంలోనే జబ్బు ఏ నిమిషంలో మొదలవుతుందో రాశావు. నేను చదివి ఎగతాళి చేశాను. అతుకు వంక చూడొద్దని కూడా రాశాను. చూడాల్సింది అక్కడే.

గొట్టం విప్పాను. పాత అతుకు మొత్తం గ్రైండరుతో కోసి తీసేశాను. అది నాకు తేలిక కాలేదు. నా చేత్తో వేసింది కదా. తలకిందులుగా బిగించి, ఆ మూల అందేలా పడుకుని, మళ్ళీ వేశాను. ప్రెషరు స్క్రూ కంపెనీ పెట్టిన గీత దగ్గరికి తెచ్చాను. ప్లగ్గులు తుడిచాను. పాత సెన్సరే తిరిగి బిగించి నీ మల్టీమీటరు తగిలించాను. ఇంజను వేడెక్కింది. ఒకటి, తొమ్మిది, ఒకటి, తొమ్మిది, కన్ను ఆనించేలోపు ఎగురుతోంది. ప్రమీలను పిలిచి చూపించాను. “ఇప్పుడు నిజం చెబుతాండాదా?” అంది. అప్పుడూ నిజమే చెప్పింది, మనమే తప్పుడు గాలి పంపించినాం అన్నాను.

ఇంకొక్క మాట రాసి ఆపుతాను. నువ్వు చేసింది నాకు కోపం తెప్పించింది. నా తప్పు నీ నెత్తిన వేసుకుని నన్ను గెలిపించబోయావు. అలా గెలిచి రేపు ఇంకో కారు బానెట్టు ఎత్తగలనా? నా అతుకు చీలిందిరా అని మొహం మీద చెప్పి ఉంటే రెండు రోజులు నీతో మాట్లాడేవాణ్ణి కాదు. అంతే.

వచ్చి కారు తీసుకుపో.

మాల్యాద్రి.

*

ఉదయగిరి,
25 జనవరి 1999.

మాల్యాద్రీ,

కారు తెచ్చుకున్నాను. నేను వచ్చినప్పుడు నువ్వు కావాలనే సోమశిల వెళ్ళావని ప్రమీల చెప్పింది. రెండు రోజులు మాట్లాడవని రాశావు, ఇవాళ్టికి అయిదో రోజు. లెక్కల్లో నువ్వు ఎప్పుడూ ఇంతే.

దారిలో ఎక్కడా ఆగలేదు. మర్రిపాడు దగ్గర గొర్రెల మంద అడ్డం వస్తే పావుగంట నిలబెట్టాను. కాపరి చుట్ట ముట్టించుకుని, ఇంజను ఆడుతోందా ఆగిందా అని అడిగాడు.

నాది తప్పే. డిసెంబరు తొమ్మిదిన ఆ చీలిక చూశాను. అరగంట అక్కడే పడుకుని ఉన్నాను, వీపుకు చీమలు కుడుతున్నా లేవలేదు. నీకు రాయడానికి నాలుగు ఉత్తరాలు మొదలుపెట్టి చింపాను. నువ్వు పాన కింద పెడతావేమోనని భయపడ్డాను. నిన్ను ఏడిపించడం నాకు బాగా వచ్చు గానీ, బాధపెట్టడం ఎలాగో తెలియదు. అందుకని అబద్ధం వైపు పోయాను. అది కూడా చేతకాలేదు.

ఒకటో తేదీ వస్తోంది. ఏం చెబుతావు మీ మామకు? ఇది మాత్రం ఎగతాళికి అడగడం లేదు.

హెన్రీ.

*

ఆత్మకూరు,
2 ఫిబ్రవరి 1999.

ఒరే హెన్రీ,

నిన్న మా మామ గోపాలయ్య వచ్చాడు. ఒకటో తేదీ అంటే ఒకటో తేదీ, ఉదయం ఏడింటికే. మిల్లు జీపు తెచ్చాడు, నా పెట్టె సర్దుకోవడానికి వీలుగా. ప్రమీల మజ్జిగ ఇచ్చింది. షెడ్డులో స్టూలు తుడిచి వేశాను. అది మాత్రం ఇంటి అల్లుడిగా చేయాల్సిన మర్యాద.

నీ కారు సంగతి ఆయనకు సంగంలోనే తెలిసింది. రమణయ్య నోట్లో మాట ఆగదు. ఒట్లకు టీ చాలదని ఈసారి ప్రమీలకు రాసేటప్పుడు చెప్పు. అవును, అదీ తెలిసింది నాకు. ఆమెను ఏమీ అనలేదు, పాలు పొంగాయా అని మాత్రం అడిగాను.

నీ అతుకే కారిందంట గదా అల్లుడా, అని మొదలుపెట్టాడు. అవునన్నాను. ఎవరో వెక్కిరించడానికి చెప్పారేమో, నేను కాదంటానేమో అనుకుని వచ్చినట్టున్నాడు. కాసేపు గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. నేను కోసి దాచుకున్న పాత అతుకు ముక్క తెచ్చి, చీలిక ఎక్కడుందో, అది అక్కడ ఎందుకు పడిందో, దానివల్ల కంప్యూటరు ఎలా మోసపోయిందో మొత్తం చెప్పాను. ముక్కు సంగతి కూడా చెప్పాను. నీ పేరు చెప్పలేదు, ముక్కు మాత్రం నీదే వాడుకున్నాను. చివర్లో, మిల్లుకు రానన్నాను.

విన్నాడు. విని, “ఇంత తప్పు చేసి, మళ్ళీ నోటితో చెప్పుకుంటా, మిల్లుకి రానంటావా?” అన్నాడు.

“చెప్పుకోగలిగినాను గనకే రానంటాండాను మామా. తప్పు చేసింది నేనే, ఆడుండాదని కనుక్కున్నిందీ నేనే. మద్రాసులో కనుక్కోలేదు” అన్నాను.

ప్రమీల లోపల గిన్నెలు కడగడం ఆపేసింది.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. లేచి షెడ్డు చుట్టూ తిరిగాడు. పదేళ్ళుగా ఉన్న షెడ్డు, ఆయన గేటు దాటి లోపలికి రావడం ఇదే. గోడకు వేలాడే పానలు చూశాడు. ఒకటి తీసి బరువు చూసి మళ్ళీ అదే మేకుకు తగిలించాడు. మా బాయిలరు గొట్టం దగ్గర ఆవిరి పోతా ఉండాది, నెలన్నాళ్ళయింది, అన్నాడు నావైపు చూడకుండా. రేపు జీపు పంపిస్తానన్నాడు.

రేపు కుదరదన్నాను. నెల్లూరు పంపించిన కంప్యూటరు కార్ల వాళ్ళలో ఒకాయన తిరిగి వస్తున్నాడు, రేపు ఆయనది చూడాలి. ఎల్లుండి నా సైకిలు మీద నేనే వస్తానన్నాను. జీపులో వస్తే సూపర్వైజరుగా వచ్చినట్టుంటుంది కదా.

చెప్పులు వేసుకున్నాడు. జీపు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి తిరిగాడు. మా మామ నాతో మాట్లాడటం నీకు తెలుసు. వచ్చెయ్యి, పో, కూర్చో, తిను. నాలుగేళ్ళలో నన్ను ఏదీ అడిగి ఎరగడు. నిన్న మాత్రం షెడ్డుకొచ్చిన గిరాకీ అడిగినట్టు అడిగాడు:

“ఎల్లుండి ఎన్ని గంటలకొస్తావు?”

పదింటికన్నాను. లేటు చేయొద్దని చెప్పి జీపెక్కాడు.

మాల్యాద్రి.